పుస్తకమునకు తాళమేల?

అచ్చుపుస్తకమును కొన్నవానికి అంగడివానితోడి సంబంధము పైకము చెల్లించుటతో తీరిపోవును. ఆ పిదప దానిని ఎచట కూర్చుండి చదువవలెనో, ఎవరికి ఎరువీయవలెనో, ఎప్పుడు తిరిగి అమ్ముకొనవలెనో నిర్ణయించువాడు కొన్నవాడే. మన కాపీరైటు చట్టము సైతము ప్రతులను లోకమునకు విడుదల చేయు హక్కును గ్రంథకర్తకు ఇచ్చినదే కాని, ఒకసారి వెలువడి చెలామణిలోనికి వచ్చిన ప్రతిపై ఆ హక్కును సాగనీయలేదు. ఆదివారము నాడు ఆబిడ్స్ కాలిబాటలపై జరుగు పాతపుస్తకముల బేరము ఈ న్యాయము నీడననే సాగుచున్నది. ఈ-పుస్తకము వచ్చిన పిదప ఈ న్యాయము తలక్రిందులైనది.

దీనికి కారణము 'డిజిటల్ హక్కుల నిర్వహణ' అను గంభీరమైన పేరుగల ఏర్పాటు. పేరు ఎంత పెద్దదైనను వస్తువు మాత్రము ఒక తాళము. పుస్తకములోని అక్షరములను గూఢలిపిగా మార్చి, దానిని విప్పు తాళపుచెవిని తాము ఆమోదించిన పరికరములకు మాత్రమే ఇత్తురు. అమెజాన్ వారి తాళము వేరు. అడోబీ వారిది వేరు. ఆపిల్ వారిది వేరు. ఒకరి చెవి వేరొకరి తాళమునకు పట్టదు. దొంగను నిలుపుటకని చెప్పి వేసిన ఈ తాళము చేయుచున్న అసలు పని, ఈ-రీడరు కొన్న పాఠకుడు అటుపిమ్మట జీవితాంతము ఏ అంగడిలో పుస్తకములు కొనవలెనో శాసించుట.

ఆంగ్ల గ్రంథములు చదువువానికి ఇది అసౌకర్యము. తెలుగు చదువువానికి దాదాపు నిషేధమే. అమెజాన్ సంస్థ తన కిండిల్ పుస్తకముల అంగడిని మన దేశమున 2012లో తెరచినది. 2016 డిసెంబరులో ఆ అంగడిలో హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము అను ఐదు భారతీయ భాషలకు చోటు కల్పించినది. ఆ ఐదింటిలో తెలుగు లేదు. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా గలవారు 8.11 కోట్లు, గుజరాతీ గలవారు 5.54 కోట్లు, మలయాళము గలవారు 3.48 కోట్లు. అంత పెద్ద సంఖ్యయు మన భాషకు ఆ వరుసలో స్థానము సంపాదింపలేకపోయినది.

తెలుగులో ఈ-పుస్తకములు అప్పటికి లేకపోలేదు. హైదరాబాదు కేంద్రముగా 2010లో వెలసిన కినిగె, తెలుగు గ్రంథములను ఈ-పుస్తకములుగా అమ్ముటకును, అద్దెకిచ్చుటకును పూనుకొని ప్రశంసనీయమైన కృషి చేసినది. అయితే ఆ పుస్తకములకు వేసిన తాళము అడోబీ వారిది. కంప్యూటరుపై అడోబీ వారి సాధనముతో తెరచుకొను ఆ పుస్తకము కిండిల్‌పై తెరచుకొనదు.

ఆ సంవత్సరములలో లాల్‌దర్వాజాలో కిండిల్ చేతబట్టి కూర్చున్న తెలుగు పాఠకుని స్థితిని ఊహింపుడు. తన పరికరము ఎరిగిన అంగడి తెలుగును ఎరుగదు. తెలుగు నెరిగిన అంగడి తాళమును తన పరికరము ఎరుగదు. సముద్రముల కవతల వెలువడిన ఆంగ్లనవల నిమిషములో చేతికి వచ్చును. నాలుగడుగులు నడచిపోయిన కోఠీలో దొరకు తెలుగు నవల మాత్రము తెరపైకి రాదు. అతని చేత పైకమున్నది, చదువవలెనను కోరికయున్నది. లేనిది తాళపుచెవి యొక్కటే.

తెలుగు పుస్తకములను అమ్మకుండుట వర్తకుని ఇష్టము గదా, అందులకు తాళమును నిందింపనేల యని కొందరు అడుగవచ్చును. ఏ వస్తువును అమ్మవలెనో తేల్చుకొను స్వేచ్ఛ వర్తకునకు కలదు. కాని ఒక వర్తకుని ఇష్టాయిష్టములు పాఠకుని నుదుటి వ్రాతగా మారుటకు కారణము తాళమే. తాళము లేని పీడీఎఫ్ పుస్తకమును ఎవరివద్ద కొన్నను కిండిల్ తెరచును. అట్టి పుస్తకములను అమ్మువారు పదిమంది ఉన్నచో, పెద్ద అంగడి తెలుగును విస్మరించినను పాఠకునకు లోటుండదు.

ప్రచురణకర్తల భయమును నేను తేలికగా త్రోసివేయను. వేయి ప్రతులు అచ్చువేయించి, అవి చెల్లుటకు ఏండ్ల తరబడి ఎదురుచూచు తెలుగు రచయితకు తన గ్రంథము ఉచితముగా చేతులు మారుట కడుపుకోతయే. కాని అచ్చుపుస్తకమును స్కానరుపై పరచి పుట పుటకు ఛాయ తీసినవాడు ఏ తాళమును విప్పవలసిన పని లేదు. తాళము తగిలినది పైకమిచ్చి కొన్నవానికి మాత్రమే. 2012 సవరణతో కాపీరైటు చట్టమున చేరిన 65ఎ నిబంధన, ఇతరుల హక్కులను ఉల్లంఘించు ఉద్దేశముతో ఇట్టి తాళమును ఛేదించినవానికి రెండేండ్ల వరకు కారాగారమును, జరిమానాను విధించుచున్నది. ఇందులోని 'ఉద్దేశము' అను మాట గమనింపదగినది. చట్టము మనుష్యుని సంకల్పమును విచారించును. తాళమునకు ఆ వివేకము లేదు. దొంగను, దొరను అది ఒక్క కంటితోనే చూచును.

తాళము తీసినవారు నష్టపడిరా? పాటల వ్యాపారమున ఆపిల్ సంస్థ 2009లోనే తాళములను తొలగించినది. ఆ వ్యాపారము కూలిపోలేదు. శాస్త్రకల్పనా నవలలకు పేరొందిన టోర్ సంస్థ 2012లో తన ఈ-పుస్తకముల తాళములను తీసివైచినది. ఏడాది గడచిన పిదప దొంగప్రతులలో చెప్పుకొనదగిన పెరుగుదల కానరాలేదని ఆ సంస్థ బ్రిటిషు శాఖవారు ప్రకటించిరి. అదే సంవత్సరమున హారీ పాటర్ నవలలను ఈ-పుస్తకములుగా వెలువరించిన పాటర్‌మోర్, కొన్నవానిని గుర్తింపదగిన ముద్రను ప్రతిలో నిక్షేపించు పద్ధతిని అనుసరించినది. పుస్తకముపై యజమాని పేరు వ్రాసికొనుట మనకు క్రొత్త గాదు గదా!

మరియొక అపాయము కలదు. తాళము వేసిన పుస్తకము ఆయువు అంగడి ఆయువుతో ముడిపడి యుండును. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకముల అంగడిని మూసివేసినప్పుడు కొన్నవారికి పైకము తిరిగి వచ్చినది. పుస్తకములు మాత్రము దక్కలేదు. కోట్లకు పడగలెత్తిన సంస్థ గనుక ఆ పైకమైనను ఇచ్చినది. చిన్న పెట్టుబడితో నడచు తెలుగు విక్రయశాల మూతపడినచో పాఠకునకు మిగులునదేమి?

నిజాము రాజ్యమున తెలుగునకు ఆదరము కరవైన దినములలో, 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని ఈ నగరముననే స్థాపించిరి. తెలుగు గ్రంథము కోరినవాని చేతికి అందవలెనని ఆ పెద్దలు పాటుపడిరి. ఆ నగరముననే ఆ గ్రంథమునకు మనము తాళము వేసికొనుట విచారకరము.

కావున తెలుగు ప్రచురణకర్తలకు నా మనవి ఇది. కొన్నవాని పేరు ప్రతిలో ముద్రింపుడు. తాళము మాత్రము వేయకుడు. ప్రజల ధనముతో గ్రంథములను ప్రచురించు అకాడమీలును, విశ్వవిద్యాలయములును ఈ మార్గమున ముందు నడచుట న్యాయము. అంతవరకు తాళము తప్పదనువారు, ఏ పుస్తకము ఏ పరికరముపై తెరచుకొనునో, దేనిపై తెరచుకొనదో పైకము పుచ్చుకొనుటకు ముందే స్పష్టముగా తెలుపవలెను. కొని చదువువారే అరుదైన భాష మనది. వచ్చిన ఆ కొద్దిమందిని వాకిటనే నిలిపివేయుట ఏ వ్యాపారధర్మమునకును తగినది గాదు.