సంపన్న దేశంలో వైద్యం

వాగ్భటుడు 'అష్టాంగహృదయం'లో చికిత్సకు నాలుగు పాదాలను చెప్పినాడు. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనేవి ఆ నాలుగు. ఒక్కొక్క పాదానికి నాలుగేసి గుణాలు ఉండాలట. రోగికి ఉండవలసిన గుణాలలో ఆయన మొట్టమొదట పేర్కొన్నది ధనవంతుడై ఉండడం! వైద్యుని మాట వినడం, బాధను వివరించగలగడం, ధైర్యం ఆ తరువాతివి. విద్యార్థి దశలో ఈ మాట నాకు కఠినంగా తోచినది. అమెరికా సంయుక్త రాష్ట్రాల వైద్య గణాంకాలను చూసిన తరువాత, ఆ ప్రాచీనుడు ఉన్నమాటే చెప్పినాడని అనిపిస్తున్నది.

వైద్యంపై ప్రపంచంలోకెల్లా అధికంగా వ్యయం చేస్తున్న దేశం అమెరికా. 2023లో ఆ వ్యయం 4.9 లక్షల కోట్ల డాలర్లు. జనాభాతో భాగిస్తే తలకు 14,570 డాలర్లు. స్థూల దేశీయోత్పత్తిలో ఇది 17.6 శాతం. జపాను వ్యయం సుమారు 11 శాతమే. అయినా ఆ సంవత్సరం జపానీయుల సగటు ఆయుర్దాయం సుమారు 84 ఏళ్ళు కాగా, అమెరికన్లది 78.4 ఏళ్ళు మాత్రమే.

ఇంత ధనం ఏమవుతున్నది? అమెరికన్లు చీటికిమాటికి వైద్యుల వద్దకు పరుగెత్తుతారని కొందరు భావిస్తారు. అది నిజం కాదు. 2003లో గెరార్డ్ ఆండర్సన్, ఊవే రైన్‌హార్ట్ మొదలైన పరిశోధకులు సంపన్న దేశాల లెక్కలను పోల్చి చూసి, తేడా ప్రధానంగా ధరలలోనే ఉన్నదని తేల్చినారు. అదే మందుకు, అదే శస్త్రచికిత్సకు అక్కడ ఎక్కువ మూల్యం చెల్లించవలసి వస్తున్నది. పైగా బీమా సంస్థలు అనేకం. ఒక్కొక్క దానిది ఒక్కొక్క నిబంధన. ఆ బిల్లులను సరిచూసే యంత్రాంగానికే అపార ధనం ఖర్చవుతున్నది.

ఈ బీమా పద్ధతి పుట్టుక కూడా విచిత్రమైనదే. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, ప్రభుత్వం వేతనాల పెంపుపై ఆంక్షలు విధించినది. జీతం పెంచలేని యజమానులు పనివారిని ఆకర్షించడానికి వైద్యబీమాను ఆశ చూపినారు. తాత్కాలికమనుకొన్నది స్థిరపడిపోయినది. ఉద్యోగంతో పాటు బీమా కూడా పోయే దుస్థితి అట్లా ఏర్పడినది. 1965లో వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ వచ్చినాయి. 2010 చట్టం మరెందరినో బీమా పరిధిలోకి తెచ్చినది. అయినా 2023లో రెండున్నర కోట్ల మందికి పైగా ఏ బీమా లేదు.

నా దృష్టిలో తలసరి లెక్కలోనే ఒక మోసం ఉన్నది. తలకు 14,570 డాలర్లు అన్నప్పుడు, ఆ తల ఎవరిదో అంకె చెప్పదు. చెల్లించిన సొమ్ము లెక్కకు వస్తుందే కాని, చెల్లించలేక వెనుదిరిగినవాని బాధ రాదు. ఇన్సులిన్ సంగతే చూడండి. దానిని కనుగొన్న శాస్త్రజ్ఞులు 1923లో తమ పేటెంటు హక్కును టొరంటో విశ్వవిద్యాలయానికి ఒక్కొక్క డాలరుకే ఇచ్చివేసినారు. శతాబ్దం గడిచేసరికి, ధర భరించలేక మోతాదు తగ్గించుకొనే మధుమేహ రోగులు అమెరికాలో కనిపించినారు. వ్యయపట్టికలో అటువంటివాడు పొదుపరి! 2022 చట్టం నెలకు 35 డాలర్ల పరిమితి విధించినది. అదైనా మెడికేర్‌లో ఉన్నవారికే.

ఆయుర్దాయం వైద్యం ఒక్కదానిపైనే ఆధారపడదన్న వాదాన్ని నేను కాదనను. తుపాకులు, మాదకద్రవ్యాలు, స్థూలకాయం అక్కడ ఎందరినో బలిగొంటున్నాయి. 2022లో మాదకద్రవ్యాల మోతాదు మించి మరణించినవారే లక్షకు పైగా ఉన్నారు. క్యాన్సరు చికిత్సలోనూ, వైద్య పరిశోధనలోనూ ఆ దేశం అగ్రగామి. కాని ఆ పరిశోధనల ఫలం ఎవరి ముంగిటి దాకా చేరుతున్నదనేదే నా ప్రశ్న.

మనవారికి ఇది దూరపు సంగతి కాదు. అక్కడి బిడ్డలను చూడబోయే తల్లిదండ్రులు ఆవకాయతో పాటు నెలలకు సరిపడే మాత్రలను కూడా పెట్టెలో సర్దుకొంటారు. బీమా పత్రంలో 'పూర్వం నుండి ఉన్న వ్యాధులు' అనే షరతును కళ్ళజోడు సవరించుకొని చదువుకొంటారు.

ఖర్చుకు జంకి చికిత్స మానుకొన్నారా అని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సర్వేలలో ఒక ప్రశ్న అడుగుతారు. దానికి అవునన్నవారి సంఖ్యను తలసరి వ్యయం పక్కనే, అదే వరుసలో, అంతే పెద్ద అక్షరాలతో అచ్చు వేయాలని నా కోరిక.