మోకాలు పోయినోడు పనిదొంగ కాదు

ఇది కొంచెం పెద్ద పోస్టు. డ్యూటీ నుంచి వచ్చి, తిని, పండుకునే ముందు చదువుండ్రి. కోపమొస్తే కామెంట్లల్ల తిట్టుండ్రి, కానీ మొత్తం చదివి తిట్టుండ్రి.

మొన్న శుక్రవారం మా రూమ్‌ల పెద్ద లొల్లి అయింది, ఫుట్‌బాల్ మీద. మనం పుట్టి పెరిగింది క్రికెట్ ఊర్లల్ల. దోహాకు వచ్చి కేరళోళ్ల పక్కన పండి లేస్తుంటే ఈ పిచ్చి మనకూ అంటుకున్నది. 2022ల ఇక్కడ వరల్డ్ కప్ అయినంక ఇగ చెప్పే పనే లేదు. లొల్లి ఎవని గురించంటే ఫ్రాన్స్ డిఫెండర్ శామ్యూల్ ఉమ్టిటి గురించి. 2025 సెప్టెంబర్‌ల ఆట బంద్ చేస్తున్న అని చెప్పిండు. అప్పటికి ఆయనకు 31 ఏండ్లే. మా రూమ్‌ల ఒకడు ఆయన పాత గోల్ వీడియో పెట్టిండు, ఇగ మొదలైంది.

ఒకడు "గాజు కాళ్లోడు" అన్నడు. ఇంకోడు "బార్సిలోనా పైసలు ఉత్తగ కూసోని తిన్నడు" అన్నడు. మూడోవాడు "ఒక్క వరల్డ్ కప్ల కలిసొచ్చింది, అసలు ఆటనే రాదు" అన్నడు. అందరు నవ్విర్రు. అప్పుడు నాకు సరిగ్గ జవాబు రాలే. ఇప్పుడు చెప్తున్న, వినుండ్రి.

ముందుగాల ఆట రాదు అన్నోనికి. 2016ల లియాన్ నుంచి బార్సిలోనా ఆయనను కొన్నది. అదే ఏడాది యూరో కప్ క్వార్టర్ ఫైనల్ల ఐస్‌లాండ్ మీద ఫ్రాన్స్ తరఫున మొదటి మ్యాచ్ ఆడిండు. క్వార్టర్ ఫైనల్ల కొత్తోణ్ణి ఊకెనే దింపరు. 2017-18 లీగ్‌ల బార్సిలోనా వరుసగ 36 మ్యాచ్‌లు ఓడలే, ఆ డిఫెన్స్‌ల పీకే పక్కన నిలబడ్డది ఈయననే. ఎడమ కాలు ఆటగాడు. బాల్ గుంజుకొని ఊకె ముందుకు కొట్టుడు కాదు, ఎవనికి ఇయ్యాల్నో చూసి ఇచ్చేటోడు.

ఇగ ఆ గోల్. 2018 జులై 10, సెయింట్ పీటర్స్‌బర్గ్, బెల్జియం మీద సెమీ ఫైనల్. 51వ నిమిషం. గ్రీజ్‌మన్ కార్నర్ కొట్టిండు. ముందట తనకంటే బాగ పొడుగున్న ఫెల్లైని. వాని మీది నుంచి ఎగిరి తలతోని కొట్టిండు. 1-0. ఆ ఒక్క గోల్ మీదనే ఫ్రాన్స్ ఫైనల్‌కు పోయింది, క్రొయేషియా మీద 4-2తోని కప్ గెలిచింది. ఆ టోర్నమెంటుకు వచ్చేటప్పటికే ఆయన మోకాలు నొస్తున్నది. ఆ మోకాలు పెట్టుకొనే ఎగిరిండు. ఇది ఆట కాకపోతే మరి ఏది ఆట?

రెండోది. "ఆపరేషన్ చేయించుకోక ఆయనే ఖరాబు చేసుకున్నడు" అంటరు. ఇండ్ల కొంత నిజమున్నది, నేను కాదంటలేను. కప్ అయినంక నొప్పి ఎక్కువైంది. కోతలు లేని వైద్యమే చేయించుకున్నడు. దానికోసమే 2018 చివర్ల మన దోహాకే వచ్చిండు, ఖలీఫా స్టేడియం పక్కనున్న ఆస్పెటార్ దవాఖానకు. తర్వాత ఆ మోకాలు మళ్ల ముందటి తీరు కాలే. నిర్ణయం ఆయనది, నష్టం కూడా ఆయనకే అయింది. కానీ ఒక మాట చెప్పుండ్రి. చెల్లె పెండ్లి ముందటున్నప్పుడు, ఊర్లె అప్పు మిత్తి పెరుగుతున్నప్పుడు, నడుముకు తువ్వాల గట్టిగ బిగించుకొని ఓవర్‌టైమ్ చేయనోడు మనల ఎవడున్నడు? ఆయన ముందట వరల్డ్ కప్ ఉండె. మన ముందట పెండ్లి కార్డు ఉంటది.

మూడోది, ఉత్తగ తిన్నడు అన్న మాట. క్లబ్బోళ్లు లెక్క చూసుకుంటరు, తప్పు లేదు. ఎన్ని మ్యాచ్‌లకు అందుబాట్ల ఉన్నడు అనేది డిఫెండర్‌కు పెద్ద లెక్కనే. పక్కోడు మారినప్పుడల్లా లైన్ చెడిపోతది, మన షట్టరింగ్ గ్యాంగ్‌ల రోజుకో కొత్త మనిషిని పెట్టినట్టు. ఆడలేదు కాబట్టి ఆడలేదు అనుండ్రి. దొంగ అని ఎట్లంటరు? 2021 ఆగస్టుల జువెంటస్‌తోని ఫ్రెండ్లీ మ్యాచ్ ముందు సొంత టీం జనమే ఈలలేసి ఎక్కిరించిర్రు. తర్వాత 2022 జనవరిల, కొత్తగ వచ్చిన ఫెర్రాన్ టోరెస్‌ను క్లబ్బు రిజిస్టర్ చేసుకోవాలంటే జీతాల లెక్క తగ్గాలె. అప్పుడు జీతం తగ్గించుకోనికి ఒప్పుకున్నది ఈ "ఉత్తగ తిన్నోడే".

అదే ఏడాది ఇటలీల లెచ్చె అనే చిన్న క్లబ్బుకు లోన్ మీద పోయిండు. అప్పుడే పై లీగ్‌కు ఎక్కిన టీం అది. ఆ సీజన్ల కింద పడకుండ నిలబడ్డది. 2023 జనవరిల లాజియో మ్యాచ్‌ల నల్ల తోలు చూసి బూతులు పాడిర్రు. ఆయన ఆట ఆపలే. లెచ్చె 2-1 గెలిచింది, ఆయన కండ్ల నీళ్లతోని బయటికి పోయిండు. ఆనక ఫ్రాన్స్‌ల లీల్‌కు పోయిండు, మళ్ల దెబ్బలు, ఆడింది కొన్ని మ్యాచ్‌లే. కొలువు లేక కాదు, కాలు లేక ఆగిండు.

ఈయన ఒక్కడే కాదు. 2018 ఫైనల్ల పక్కన నిలబడ్డ వరాన్ 2024 సెప్టెంబర్‌ల మోకాలు దెబ్బతోనే ఆట బంద్ చేసిండు, 31 ఏండ్లకు. ఇంగ్లాండ్ల టాటెన్‌హామ్ కెప్టెన్ లెడ్లీ కింగ్ మోకాలు ఎంత అరిగిందంటే వారమంత టీంతోని ప్రాక్టీస్ చేయకుండ ఆపుకొని మ్యాచ్ రోజు దిగేటోడు. 2012ల ఆయన కూడా 31కే ఆగిండు. ముగ్గురూ వెనక నిలబడేటోళ్లే. ఫార్వర్డ్ ఎటు పోవాల్నో ముందే అనుకొని పోతడు. డిఫెండర్ వాణ్ణి చూసి ఒక్క కాలు మీద గిర్రున తిరగాలె, ఎగరాలె, దిగాలె, మళ్ల వెనకకు ఉరకాలె. బరువంత మోకాలు మీదనే.

"వాళ్లకు కోట్లు వచ్చినయ్, మనకేమొచ్చింది" అంటవా తమ్మీ? నిజమే. కానీ నొప్పి అన్నోడు దొంగ అనే మాట కోట్లున్నోని మీద ఆగదు. దిగి దిగి మన క్యాంపుకే వస్తది. ఎందుకు చెప్తున్ననో వినుండ్రి.

పదేండ్ల కింద, వేరే కంపెనీల నేను కొత్తగ ఫోర్‌మన్ అయిన. నిర్మల్ దిక్కు పిల్లగాడు ఒకడు స్టీల్ ఫిక్సర్. పొద్దంత గొంతు కూసోని రాడ్లకు బైండింగ్ వైరు కట్టుడే వాని పని. ఒకనాడు మోకాలు నొస్తున్నది అన్నడు. నేను నమ్మలే. టైమ్‌షీట్‌ల సిక్ అని కాదు, ఆబ్సెంట్ అని రాసిన. రెండు రోజుల జీతం కట్ అయింది. మూడోనాడు వచ్చి నోరు మూసుకొని పని చేసిండు. కొన్ని నెలలకు మోకాలు వాసి స్కఫోల్డింగ్ ఎక్కలేకపోయిండు. కంపెనీ వీసా క్యాన్సిల్ చేసి పంపింది. పోయేనాడు నా చార్జర్ నాకిచ్చి "అన్నా, పోయొస్త" అన్నడు. అంతే. ఒక్క మాట కూడా అనలే. ఇప్పుడు ఊర్లె మెట్లెక్కుతే గోడ పట్టుకుంటడట. ఆ "ఆబ్సెంట్" రాసింది ఏ గోరా మేనేజరో, ఏ కఫీలో కాదు. నేను రాసిన, ఈ చేయితోనే.

శుక్రవారం రూమ్‌ల మీరు నవ్వినప్పుడు ఒక పిల్లగాడు కూడా నవ్విండు. వాని లుంగీ కింద మోకాలికి పట్టీ ఉన్నది. శనివారం పొద్దున బస్సు మెట్లు అడ్డంగ తిరిగి దిగిండు. నేను చూసిన. మీరు "గాజు కాళ్లోడు" అన్నంక వాడు నా దగ్గరికి వచ్చి నొప్పి అని చెప్తడా? చావనైనా చస్తడు, చెప్పడు. అందుకే నేనే పిలిచి సోమవారం క్లినిక్‌కు పంపిన. సిక్ అనే రాసిన.

తమ్ముళ్లారా, ఖతర్ లేబర్ చట్టం ప్రకారం మూడు నెలల సర్వీసు అయినంక, డాక్టర్ చీటి ఉంటే ఏడాదికి రెండు వారాలు పూర్తి జీతంతోని సిక్ లీవ్, ఆ తర్వాత నాలుగు వారాలు సగం జీతంతోని. అది హక్కు, ఎవని దయ కాదు. నొప్పి మొదలైన వారమే చూపించుకోండ్రి, చీటి ఫోటో తీసి ఫోన్ల పెట్టుకోండ్రి. నాలెక్క ఫోర్‌మన్లు, సూపర్‌వైజర్లు ఉంటే మీకు ఇంకో మాట. మనిషి పనిదొంగనా కాదా అనేది మనం చెప్పేటిది, మోకాలు సంగతి డాక్టర్ చెప్పేటిది. రెండూ కలపకుండ్రి.

ఉమ్టిటి గొప్పోడా, వరాన్ గొప్పోడా అని కొట్లాడుండ్రి, పొద్దుందాక కొట్లాడుండ్రి, నేను కూడా వస్త. దెబ్బ తాకినోణ్ణి దొంగ అంటే మాత్రం ఖల్లివల్లి అని ఊకోను. వచ్చే శుక్రవారం రూమ్‌ల ఎదురుగనే మాట్లాడుకుందాం.