ఆర్గిరోడైట్ నేర్పిన జాగ్రత్త

1885లో జర్మనీలోని ఫ్రైబర్గ్ దగ్గర హిమ్మెల్స్‌ఫ్యూర్స్ట్ వెండి గనిలో కొత్తరకం ఖనిజం ఒకటి బయటపడింది. ఉక్కు రంగు, కాస్త ఊదా ఛాయ. గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. అక్కడి గనుల విద్యాలయంలో ఖనిజశాస్త్రం బోధించే ఆల్బిన్ వైస్‌బాఖ్ దానికి ఆర్గిరోడైట్ అని పేరుపెట్టి, పరీక్షించమని సహోద్యోగి క్లెమెన్స్ వింక్లర్‌కు ఇచ్చారు.

వింక్లర్ లెక్క తేలలేదు. నాలుగింట మూడు వంతుల దాకా వెండి, మిగిలినదాంట్లో ఎక్కువ గంధకం, రవ్వంత ఇనుము, జింకు, పాదరసం. అన్నీ కూడినా నూటికి తొంభై మూడే! మళ్లీ మళ్లీ చేసినా అదే తరుగు. ఆ ఏడు పాళ్లను పరీక్షలో పొరపాటని వదిలేయలేదాయన. పట్టుబట్టి వెదికి, 1886 ఫిబ్రవరి 6న జర్మేనియం అనే కొత్త మూలకాన్ని పట్టుకున్నారు.

మూలకాల ఆవర్తన పట్టికలో సిలికాన్ కింద రావలసిన మూలకం ఒకటి ఉందని, దాని పరమాణు భారం 72 ఉంటుందని మెండలీవ్ 1871లోనే రాసిపెట్టారు. వింక్లర్ కొలిచింది 72.3. ఆ జర్మేనియంతోనే 1947లో బెల్ ల్యాబ్స్‌లో తొలి ట్రాన్సిస్టర్ తయారైంది.

ఇంత వెండి ఉన్న రాయి గనిలోంచి నేరుగా కొలిమికి పోవడమే మామూలు. పోకుండా మిగిలినవాటిలో చాలా భాగం సేకర్తల చలవే. బొలీవియాలోని కోల్కెచాకా గనుల ఆర్గిరోడైట్ స్ఫటికాలంటే వాళ్లు ఇప్పటికీ పడిచస్తారు. రాళ్ల పిచ్చి అని వాళ్లను తీసిపారేయడం అన్యాయం. అయితే మెరుపునీ సైజునీ బట్టి మాత్రమే ధర కట్టే అలవాటు మంచిది కాదు. ఏ గనిలో, ఏ లోతులో, ఏ ఏడాది దొరికిందో రాసిన చీటీ ఊడిపోతే ఆ రాయి శాస్త్రానికి సగం పనికిరాకుండా పోయినట్టే. గని మూతపడ్డాక ఆ వివరం ఇంకెక్కడా దొరకదు.

పాత రాయి ఎప్పుడు అక్కరకొస్తుందో ఎవరూ చెప్పలేరు. 2008లో జర్మనీ రసాయనవేత్తలు ఆర్గిరోడైట్ నిర్మాణాన్నే అనుసరించి, వెండికి బదులు లిథియంతో కొత్త పదార్థాలు చేశారు. ఘన విద్యుద్విశ్లేష్యంతో నడిచే బ్యాటరీల కోసం ఇప్పుడు వాటిమీద ముమ్మరంగా పరిశోధన సాగుతోంది.

మన దగ్గర వినుకొండ ప్రాంతంలోని అగ్నిగుండాలలోనూ సీసం, రాగి సల్ఫైడ్ ఖనిజాలు తవ్వారు. అలాంటి ప్రతి గనీ తన ప్రతి పొర నుంచీ కొన్ని నమూనాలు తీసి, చీటీలతో సహా దగ్గరలోని కళాశాల భూగర్భశాస్త్ర విభాగానికి అప్పగించాలన్న నిబంధనను తవ్వకపు అనుమతిలోనే చేర్చాలి. వాటిని భద్రపరిచే ఖర్చు కూడా తవ్వుకున్నవారే భరించాలి.