ఇల్లు చూడని గెలుపు

గచ్చిబౌలి స్టేడియానికి మా కోనసీమ బిడ్డ పేరుంది. లోక్‌సభ స్పీకర్‌గా ఉంటూ 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో కన్నుమూసిన జి.ఎం.సి. బాలయోగి పేరు అది. హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ జట్టుకు అదే సొంత మైదానంగా ఉండేది. రాజమండ్రిలో కూర్చుని ఆ జట్టును నేను ‘మనది’ అనుకోవడానికి, నిజం చెప్పాలంటే, ఆ పేరే మొదటి కారణం.

2021–22 ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆ జట్టే విజేత. కరోనా మూలంగా ఆ ఏడాది పోటీలన్నీ గోవాలోనే జరిగాయి. బాలయోగి మైదానం ఒక్క ఆటకైనా నోచుకోలేదు. 2022 మార్చి 20న ఫతోర్దాలో ఫైనల్. గ్యాలరీల నిండా పసుపు చొక్కాల కేరళ అభిమానులు. ముందు గోల్ చేసింది కేరళ బ్లాస్టర్స్. ఇక అయిపోయిందనుకుంటుండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు. పెనాల్టీలలో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపాడు. మా మేనల్లుడు మంచం మీంచి ఒక్క గెంతు గెంతాడు. వీధిలో మరెవరికీ ఆ సంగతే తెలియదు.

రెండేళ్లు తిరగకుండానే జీతాల బకాయిలు, ఆటగాళ్ల వలస. 2023–24లో 22 ఆటలాడి ఒక్కటే గెలిచి జట్టు అట్టడుగున నిలిచింది. 2025లో ఊరూ పేరూ మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

“మామయ్యా, మరి ఆ కప్పు ఇప్పుడెవరిది?” అన్నాడు మేనల్లుడు.

యాజమాన్యాలను తిట్టడం తేలిక. కానీ ఆ పసుపు చొక్కాల వాళ్లు జట్టు వెంట గోవా దాకా వచ్చారు. నేనో? పోటీలు తిరిగి గచ్చిబౌలికి వచ్చాక కూడా గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఒక్క ఆటకైనా వెళ్లలేదు. టీవీ ముందు కూర్చుని ‘మనది’ అన్నంత మాత్రాన ఏదీ మనది కాదు.

ఒకప్పుడు రహీం సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ ఊరి మైదానాల్లో ఆడి ఎదిగినవాళ్లు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానం దాకా తీసుకువెళ్లారు. ఆ కీర్తిని ఎవరూ ఢిల్లీకి తరలించలేరు.

కొత్త జట్టును ఎవరో కొని తెస్తారని ఎదురుచూడడం కన్నా, మన మండలానికొక ఉన్నత పాఠశాలలో రెండు గోల్ స్తంభాలు, నేర్పే మాస్టారొకరు ఉండాలని అడగడం మేలని నా అభిప్రాయం. మా మేనల్లుడు ఇప్పటికీ కోత కోసిన చేలో, రెండు ఇటుకల మధ్యనే గోల్ కొడుతున్నాడు.