పైసల సంచి డాక్టర్‌కిస్తే నాడి ఎవలు పట్టాలె?

లండన్‌ల ఉన్న మనోళ్లను అడిగి సూడుండ్రి. ప్రాణం మీదికొస్తే తప్ప అక్కడ సక్కగ పెద్ద దవాఖానకు పోవుడు ఉండదు. ముందుగాల పేరు రాయించుకున్న ఫ్యామిలీ డాక్టర్‌కాడికే పోవాలె. ఆయన్ను జీపీ అంటరు. జీపీ చీటీ రాస్తెనే పెద్ద డాక్టర్ సూస్తడు. 1948 నుంచి నడుస్తున్న ఎన్‌హెచ్‌ఎస్ గిట్లనే నిలబడ్డది.

2012ల ఇంగ్లండ్‌ సర్కారు ఓ కొత్త చట్టం తెచ్చింది. అప్పటి మంత్రి ఆండ్రూ లాన్స్‌లీ వాదన వినసొంపుగనే ఉండె. రోగి సంగతి జీపీకే ఎరుక, గందుకే ఏ వైద్యం ఎవలకాడ కొనాల్నో జీపీలే తేల్చాలె అన్నడు. 2013 ఏప్రిల్‌ల 211 కమిషనింగ్ గ్రూపులు మొదలైనయ్. కమిషనింగ్ అంటే బ్రహ్మపదార్థమేం కాదు. జనానికి ఏ వైద్యం కావాల్నో లెక్కేసి, పైసలు కట్టి, దవాఖానలతోని ఒప్పందం చేసుకునుడు.

మరి ఏమైంది? గ్రూపు నడిపే డాక్టర్లు మీటింగులల్ల, కాగితాలల్ల మునిగిండ్రు. ఇంకో తిరకాసు సూడుండ్రి. పెద్ద దవాఖానల వైద్యం కొనే పని జీపీలకిచ్చిండ్రు. వాళ్ల సొంత క్లినిక్కులకు పైసలిచ్చుడు మాత్రం మొదట్ల పై సంస్థ చేతులనే పెట్టుకున్నది. ఎవలి జీతం వాళ్లే రాసుకోవద్దు కదా! అది న్యాయమే. గని ఊరి వైద్యం ఒకలకాడ, పెద్ద వైద్యం ఇంకొకలకాడ అయి, రెండూ ముక్కలైనయ్.

ఆఖరికి 2022 జులైల ఆ గ్రూపులను ఎత్తేసి 42 బోర్డులు పెట్టిండ్రు. 2024ల డార్జీ నివేదిక ఆ చట్టాన్ని మహా విపత్తు కిందనే లెక్కగట్టింది. ఎన్‌హెచ్‌ఎస్ బడ్జెట్ల పెద్ద దవాఖానల వాటా 2006ల 47 శాతముంటే, తర్వాత 58 అయిందని కూడ అదే నివేదిక చెప్పింది. అంతా ఒక్క చట్టం పాపం అనలేం. గని పైసలను రోగి ఇంటి దగ్గరికి తెస్తమన్న చట్టం ఆ పోకడను ఆపలేకపోయింది.

ఇది మనకెందుకంటరా? మనకాడ కూడ సర్కారు వైద్యం కొంటున్నది. 2007ల మహబూబ్‌నగర్ సహా మూడు జిల్లాలల్ల మొదలైన ఆరోగ్యశ్రీ అదే కదా! ఆపరేషన్ పడ్డోనికి అది అక్కెరకొస్తది, కాదనం. గని బీపీ, షుగర్ ముందుగాలనే పట్టుకునే పని ఊరి పీహెచ్‌సీది. గక్కడ డాక్టర్ లేకుంటే ఆరోగ్యశ్రీ కార్డు చేతులవట్టుకొని పట్నం పోవుడే మిగులుతది. 2025ల బకాయిల కోసం ప్రైవేటు దవాఖానలు ఆ సేవలు బందు పెట్టినప్పుడు పేదోళ్లు ఎట్ల ఆగమైండ్రో సూసినం.

తమ్మీ, చెల్లె! ఈ వారం మీ పీహెచ్‌సీకి ఓసారి పోయిరాండ్రి. డాక్టర్ పోస్టులెన్ని, ఉన్నోళ్లెందరు, బీపీ గోలీలు నెలకు సరిపోను ఇస్తున్నరా అని అడగుండ్రి. రాసుకొచ్చి గ్రామసభల లేపుండ్రి.