బానెట్ లేపితే జనమే జనం!

పాత సినిమాలో హీరో కారు దిగుతుంటే మీరు హీరోని చూస్తారు. నేను కారును చూస్తాను! మా గోదావరిఖని ఇంటిముందు ఓ స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది మరి.

1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్‌గా పుట్టింది. ఆ సొగసు గీసింది మాత్రం ఇటలీవాడు, మికెలోట్టి. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ తయారుచేసింది. అంటే మన సినిమాలూ, ఈ కారూ ఒకే ఊళ్లో తయారైన రోజులన్నమాట!

దీని తమాషా ఏమిటంటే... బాడీ ఒకే ముక్క కాదు. అక్కడ బాడీలు చేసిచ్చే కంపెనీని పోటీవాళ్లు కొనేసేసరికి, వీళ్లు ముక్కలుగా చేయించి ఛాసిస్ మీద బోల్టులతో బిగించారు. ఆ తిప్పలే మాకు వరమైంది. పాడైన ముక్క విప్పుకుంటే చాలు. బానెట్ మడ్‌గార్డులతో సహా ముందుకు లేస్తుంది, మెకానిక్ టైరు మీదే కూర్చుంటాడు! పాతిక అడుగుల జాగాలో గిర్రున తిరిగేస్తుంది. కాలనీ సందుల్లో ఆటోవాళ్లే ముక్కున వేలేసుకునేవారు.

కానీ బోల్టున్నచోటల్లా సందు, సందున్నచోటల్లా బొగ్గుదుమ్ము! వానొస్తే అదే బురదై తలుపుల అడుగున తుప్పు. పైగా 1971లోనే హెరాల్డ్ తయారీ ఆగిపోయింది, పార్టులేవీ? వెనక ఇరుసు విరిగి నాలుగు నెలలుగా బండి కదల్లేదు. పాత ఇనుము వ్యాపారి కిలో లెక్కన ధర కట్టాడు. అన్నయ్య సరేనన్నాడు కూడా.

బాపు గనిలో ఓవర్‌మన్‌గా ఉండగా, 1983లో సెకండ్‌హాండ్‌లో కొన్న కారది. మంచం మీంచి ఒక్కటే మాట: "నేనుండంగ అమ్మకుండ్రి బిడ్డా."

ఇరుసు చెన్నైలో దొరికింది. ఆదివారం బిగిస్తున్నాం. ఖని వైపొస్తే రండి, బానెట్ లేపి చూపిస్తా!