బతికిన చేప మాటేమిటి?

పటాన్‌చెరు, బొల్లారం, గడ్డపోతారం చుట్టుపక్కల చెరువుల్లో చేపలు చచ్చి తేలినప్పుడల్లా ఒకటే తంతు. మత్స్యకారులు గట్టు మీద ఆందోళన చేస్తారు. అధికారులు వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోతారు. నష్టపరిహారం మాట వస్తుంది, తరువాత విషయం మరుగున పడుతుంది. 2017లో గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చినప్పుడూ గగ్గోలు పుట్టింది. అయితే చావకుండా మిగిలి అంగడికి వెళ్లే చేపల సంగతి కూడా ఆలోచించవలసి వుంది.

1970వ దశకంలో వెలసిన ఈ పారిశ్రామికవాడ మురుగు నక్కవాగు మీదుగా మంజీరలో కలిసింది. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. పటాన్‌చెరు మట్టిలో సీసం, క్రోమియంతోపాటు ఆర్సెనిక్ కూడా ఎక్కువగా వున్నట్లు 2001లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆర్సెనిక్ అంటే మన పెద్దలు పాషాణం అనే విషమే. దానికి రంగు, రుచి, వాసన లేవు. తాగే నీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదు.

చేపలు గుంపుగా చచ్చేది చాలాసార్లు నీటిలో ప్రాణవాయువు తగ్గి. ఆర్సెనిక్ కొద్దికొద్దిగా చేరినప్పుడు చేప చావదు, ఈదుతూనే వుంటుంది. నీటిలోని విషం మొప్పల గుండా ఒంట్లోకి పోతుంది. ఈ విషం ఫాస్ఫేటును పోలి వుండడంతో నాచు దానిని పీల్చుకుంటుంది. ఆ నాచు, పురుగులు, బురద తిన్న చేపలోకి మేత ద్వారా కూడా చేరుతుంది. అందుకే అడుగున మేసే మోసు, బంగారు తీగ వంటి చేపలకు ప్రమాదం ఎక్కువ. విషం కండలో కంటే కార్జం, మూత్రపిండాలు, పేగులు, మొప్పలలో ఎక్కువగా నిలుస్తుంది. చేప కొంత విషాన్ని తక్కువ హాని చేసే రూపంలోకి మార్చుకోగలదు గాని మొత్తాన్ని కాదు.

ఉడికించినంత మాత్రాన ఇది నశించదు. అనుమానమున్న చెరువు చేపల కార్జం, పేగులు, తలకాయ తినకపోవడం మంచిది. అయితే కొన్ని చెరువుల పేరు చెప్పి జిల్లా చేపలన్నిటినీ అనుమానించడం అన్యాయం. దానివల్ల నష్టపోయేది వల వేసే ముదిరాజులు, గంగపుత్రులే.

ఆ అపవాదు పోవాలంటే పరీక్ష ఒక్కటే మార్గం. సీసాలో నీళ్లు మాత్రమే పరీక్షిస్తే చాలదు. వానకు నీరు పలచబడినా అడుగు బురదలో విషం వుండిపోతుంది. చేపపిల్లలను వదిలే ముందు బురదను, వల వేసే ముందు చేప మాంసాన్ని, కార్జాన్ని పరీక్షించాలి. ఫలితాన్ని గ్రామ పంచాయతీ బోర్డు మీద తెలుగులో రాయాలి. పనికిరాదని తేలిన చెరువుపై బతికే సంఘాలకు వేరే చెరువు చూపించాలి. చేపలు చచ్చేదాకా ఆగకుండా మత్స్యశాఖ, కాలుష్య నియంత్రణ మండలి ఈ వేసవిలోనే ఈ పనికి పూనుకోవాలి.